మైనం మెట్లు

ఆ సాయంత్రం కూడా భాస్కరరావు పాటలో మూడో వరస దగ్గరే తప్పాడు.

"ఆగండి బాబుగారూ," అన్నాడు పెద్దిరాజు. "అక్కడ తొందరపడతన్నారు. గంపెత్తుకున్న మనిషి గట్టు దిగేటప్పుడు కాలు చూసుకుని గదండీ వేసేది. అక్కడ ఆగాల. ఆగి దిగాల."

"తీగలు మరీ బిగుసుకున్నాయి," అన్నాడు భాస్కరరావు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట!" అని తబలా వెనకనుంచి వెంకటేశ్వర్లు నవ్వాడు. హార్మోనియం మీద చేతులు పెట్టుకుని కూర్చున్న శ్రీరాములు కూడా పొట్ట కదిలేలా నవ్వాడు. భాస్కరరావు కూడా నవ్వాడు గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

నూజివీడులో భాస్కరరావుది పురికొసలు, గోనెసంచులు, గంపలు అమ్మే కొట్టు. కొట్టు కట్టేశాక వెనకగదిలో నలుగురూ చేరతారు. గోనె వాసనకి అలవాటుపడని వాడు అక్కడ పావుగంట కూర్చోలేడు. వీళ్లలో ముగ్గురు మూడేళ్లుగా కూర్చుంటున్నారు. తమ కూటమిని సంగీత సమాజం అని పిలుచుకుంటారు. ఊళ్లోవాళ్లు మాత్రం గోనెసంచుల కచేరీ అంటారు. శ్రీరాములు మామిడికాయల వర్తకుడు, సమాజానికి పెద్ద. వెంకటేశ్వర్లు బడిపంతులు. పెద్దిరాజు ఆగిరిపల్లి దారిలో ఉన్న తోటల్లో చెట్లెక్కి కాయలు కోసే మనిషి. అతన్ని ఈ గదిలోకి తీసుకొచ్చింది భాస్కరరావే. ఆ సంగతి భాస్కరరావు మర్చిపోడు. ఎవరైనా మర్చిపోతే గుర్తుచేస్తాడు కూడా.

గదిలో గిటార్లు రెండు. భాస్కరరావుది దొర గిటారు. యుద్ధం అయిపోయాక గన్నవరం క్యాంపు ఎత్తేసినప్పుడు ఎవరో సోల్జరు వదిలిపోయింది. దాన్ని ఎలా వాయించాలో చెప్పే పుస్తకంలో సగం కాగితాలు చెదలు తిన్నాయి. అందుకని భాస్కరరావు తనకు తెలిసిన వీణలాగే దాన్ని మీటడం మొదలుపెట్టాడు. రెండోది పెద్దిరాజుది. వీణలు చేసే కొండయ్య దొర గిటారును రెండు రోజులు ఎదురుగా పెట్టుకుని, దారంతో కొలతలు తీసుకుని, పనసకర్రతో ఈ రెండోది తొలిచాడు. అంతా దొర గిటారులాగే చేసి, మెడ మీద తీగల కింద ఉండే మెట్ల దగ్గరికి వచ్చేసరికి మొరాయించాడు.

"మెట్లు కర్రలోకి దిగ్గొడతారంటయ్యా ఎక్కడన్నా? రేపు శ్రుతి తేడా వస్తే జరుపుకునేదెట్లా? ఎవడు చేశాడో గానీ వాడికి పనిరాదు," అని దొరని తిట్టి, వీణకి కట్టినట్టే మైనంలో మసి కలిపి, ఆ మైనం మీద ఇత్తడి మెట్లు కూర్చాడు. చేతికిచ్చేటప్పుడు మాత్రం చెప్పాడు. "ఎండ చూపించకు పెద్దిరాజూ. చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకో. మైనం మెత్తబడితే మెట్లు జారిపోతాయి. మళ్లీ అన్నీ శ్రుతికి కూర్చి మేళం కట్టాలంటే నాకు రెండు రోజులు."

అప్పుడు పెద్దిరాజు పక్కన ఉన్నది భాస్కరరావు ఒక్కడే.

మైనం మెట్లదైతేనేం, పలుకు మాత్రం దానిదే పలుకు. పనసకర్రలోంచి వచ్చే ఆ నాదం ముందు దొర గిటారు డబ్బా మోగినట్టుండేది. పైగా పెద్దిరాజు చెయ్యి. మధ్యాహ్నం అన్నం తిన్నాక కూలీలందరూ కునుకు తీస్తుంటే అతను కాయలు కోసే చిక్కం కర్ర మీద ఎడమచేతి వేళ్లు నడిపించుకునేవాడు. సొన తగిలి వేళ్లు కమిలితే కొబ్బరినూనె రాసుకుని, గుడ్డపేలికలు చుట్టుకుని వచ్చి వాయించేవాడు. భాస్కరరావు మూడేళ్లుగా పొద్దున్నా సాయంత్రం సాధన చేస్తున్నాడు. పెద్దిరాజు వచ్చి ఏడాది. వీడికి నాకంటే ఎక్కువ ఎలా వచ్చింది అన్న ప్రశ్న భాస్కరరావుకి అన్నం దగ్గర కూడా గుర్తొచ్చేది.

బెజవాడలో కొత్తగా పెట్టిన రేడియో స్టేషను నుంచి ఉత్తరం వచ్చి వారమైంది. గురువారం మధ్యాహ్నం రెండు గంటలకి వచ్చి వినిపించమన్నారు. బాగుంటే రేడియోలో వాయింపిస్తారు. వినిపించేది పెద్దిరాజు కట్టిన వరస. తోటల్లో గంపలెత్తే ఆడవాళ్లు పాడుకునే పాటని గిటారు మీదికి ఎక్కించాడు. నడుమ రెండు నిమిషాలు గిటారు ఒక్కటే మోగాలి. అది పెద్దిరాజు వాయించాలని, భాస్కరరావు వెనకనుంచి శ్రుతి అందించాలని అందరూ కలిసే అనుకున్నారు. ఆ అనుకున్న రోజున "అంతేగా మరి, బాగా వచ్చినవాడే వాయించాలి" అని అందరికంటే ముందు అన్నది భాస్కరరావే.

"దుర్గ ఊరంతా చెప్పుకుందండీ," అన్నాడు పెద్దిరాజు గిటారుకి దుప్పటి చుడుతూ. దుర్గ అతని పెళ్లాం. "మా ఆయన రేడియోలో మోగుతాడు అంటంది. మనిషి మోగడమేంటే అంటే ఇనదు."

*

గురువారం పొద్దున తొమ్మిదింటికి బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు వెనక పొగ గొట్టం దగ్గర కుర్రాడు చక్రం తిప్పుతుంటే, శ్రీరాములు రెండు గంపల రసాలు దించుకుని జట్కాలోంచి దిగాడు. బెజవాడలో వియ్యంకుడి గారింటికట. రోహిణీ కార్తె. రోళ్లు పగిలే ఎండ అప్పటికే మొదలైంది.

బస్సులో వీళ్లకి దొరికింది అయిదు సీట్లు. శ్రీరాములు, వెంకటేశ్వర్లు, భాస్కరరావు కూర్చున్నారు. మిగిలిన రెండు సీట్లలో శ్రీరాములు దగ్గరుండి గంపలు పెట్టించాడు.

"ఒరేయ్ పెద్దిరాజూ, నువ్వు టాపెక్కు."

"ఎక్కుతానండి. ఇదొక్కటీ లోపల పెట్టించండి షావుకారుగారూ. ఎండ తగలగూడదండి దీనికి."

"చెక్కముక్కకి ఎండేంట్రా? పళ్లయితే కమిలిపోతాయి గానీ!" అన్నాడు శ్రీరాములు. ఆయన మాటలో కోపమేమీ లేదు. పళ్ల సంగతి ఆయనకి తెలుసు, గిటారు సంగతి తెలియదు, అంతే.

పెద్దిరాజు భాస్కరరావు వైపు చూశాడు.

భాస్కరరావు ఒళ్లో దొర గిటారు పెట్టె ఉంది. కాళ్ల దగ్గర ఇంకో గిటారుకి చోటుంది. కొండయ్య చెప్పిన మాట నాలుక మీద ఉంది. 'మైనం అండీ, కరిగిపోతుంది' అంటే చాలు, శ్రీరాములు ఒక గంపని ఒళ్లో పెట్టుకునేవాడే. భాస్కరరావు పెట్టె మూత గొళ్లెం సరిచేసుకున్నాడు. అది సరిగానే ఉంది. అయినా మళ్లీ సరిచేసుకున్నాడు. తలెత్తేసరికి పెద్దిరాజు నిచ్చెన ఎక్కుతున్నాడు.

వాడే గట్టిగా అడగొచ్చుగా అనుకున్నాడు భాస్కరరావు. తర్వాత, అంత ఎండేం లేదులే అనుకున్నాడు. ఆ తర్వాత, దుప్పటి చుట్టుందిగా అనుకున్నాడు. మనిషి తనకి తాను అబద్ధం చెప్పుకోవాలంటే ఒక్కటి చాలదు.

ఆగిరిపల్లి దగ్గర బస్సు ఆగిపోయింది. బొగ్గు అంటుకోలేదో, గొట్టం పూడిందో, డ్రైవరు దిగి సుత్తితో కొడుతున్నాడు. గంట గడిచింది. ఎండ నడినెత్తికి వస్తోంది. బస్సు రేకు పెనంలా కాలుతోంది. భాస్కరరావు కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. తల మీదుగా ఎవరో దిగిన చప్పుడైంది.

"బాబుగారూ."

కిటికీ అవతల, చెవి దగ్గరే వినిపించింది. కాలిన రేకు వాసన, చెమట వాసన వచ్చాయి.

"భాస్కరరావుగారూ, నిద్దరోయారా? తువ్వాలు తడిపి కప్పానండి, తడి నిలవటం లేదు. కాసేపు మీ కాళ్లకాడ పెట్టుకుంటారేమోనని..."

భాస్కరరావు కళ్లు తెరవలేదు. తెరవాలనే అనుకున్నాడు. ఇంకో మాటంటే తెరుద్దామనుకున్నాడు. పెద్దిరాజు ఇంకో మాట అనలేదు. కాసేపు అక్కడే నిలబడ్డట్టున్నాడు. తర్వాత నిచ్చెన మీద కాళ్ల చప్పుడు వినిపించింది.

బెజవాడ చేరేసరికి ఒంటిగంట దాటింది. స్టేషను వరండాలో దుప్పటి విప్పారు. తీగల లాగుడుకి మెట్లు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. ఒకటి పూర్తిగా ఊడి దుప్పటికి అతుక్కుంది. నల్లటి మైనం పనసకర్ర మీదుగా కారి, చారలు కట్టింది.

పెద్దిరాజు నేలమీద చతికిలబడి, ఒక్కో మెట్టునీ బొటనవేలితో దాని చోటికి నెట్టడం మొదలుపెట్టాడు. నెట్టి, తీగ బిగించి మీటితే మెట్టు మళ్లీ జారింది. మళ్లీ నెట్టాడు. వేళ్లన్నీ నల్లబడ్డాయి. అలా ఎంతసేపు నెట్టాడో, చివరికి వెంకటేశ్వర్లే ఉండబట్టలేక, "ఇక చాల్లేరా," అన్నాడు.

"నే చెప్పలా, కొండయ్య చేతిపని నమ్మకండని!" అన్నాడు శ్రీరాములు. "సరేలే. భాస్కరరావూ, నువ్వు వాయించెయ్."

'నా గిటారు పెద్దిరాజుకిస్తాను.' నాలుగు మాటలు కూడా లేవు అందులో. భాస్కరరావు గొంతుదాకా వచ్చాయి. బయటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"నాకు మూడో వరస రాదుగా."

ఆ మాటకి ఇంకెవరైనా 'అయితే పెద్దిరాజుకే ఇవ్వు' అంటారేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాడు. అననందుకు సంతోషించాడు. ఆ సంతోషం తనకే అసహ్యమనిపించింది.

పెద్దిరాజు తలెత్తి అతని మొహంలోకి చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత పైకి లేచి, "వస్తది బాబుగారూ. ఇటు రండి," అన్నాడు.

వరండా మూలకి తీసుకెళ్లి పక్కన కూర్చున్నాడు. తన నల్లటి వేళ్లతో భాస్కరరావు ఉంగరంవేలు పట్టుకుని తీగ మీద పెట్టాడు. "ఇక్కడ మీటకండి. ఊపిరి తియ్యండి. ఆఁ, ఇప్పుడు లాగండి. గట్టు దిగాం. చూశారా?" మళ్లీ పెట్టించాడు. పదిసార్లు, ఇరవైసార్లు. ఎన్నడూ లేనంత ఓర్పుగా చెప్పాడు. మూడు నెలల్లో పట్టుబడనిది భాస్కరరావుకి అరగంటలో పట్టుబడింది. వేలిమీద, గిటారు అయిదో మెట్టు పక్కన నల్లటి మైనం మరక అంటుకుంది.

లోపలికి పిలిచారు. పెద్దిరాజు కూడా లేవబోతే శ్రీరాములు, "నువ్వెందుకురా? గంపల దగ్గరుండు, కోతులున్నాయి," అన్నాడు. పెద్దిరాజు మళ్లీ కూర్చున్నాడు.

తలుపులు మందంగా ఉన్నాయి. మూసుకున్నాక బయట చప్పుడు లోపలికి రాలేదు. లోపలి చప్పుడు బయటికి పోయే వీలూ లేదు. భాస్కరరావు వాయించాడు. మూడో వరస దగ్గర ఆగాడు, ఆగి దిగాడు. అద్దం అవతల కూర్చున్న స్టేషను ఆయన వినడం అయ్యాక బయటికి వచ్చి, "చాలా బాగుందండీ. ఈ వరస ఎవరిది?" అని అడిగాడు.

"మా సమాజానిదేనండి," అన్నాడు శ్రీరాములు.

కాగితమొకటి ఇచ్చి, వాయించేవాళ్ల పేర్లు రాయమన్నారు. భాస్కరరావు చేతిరాత బాగుంటుందని అతనికే ఇచ్చారు. శ్రీరాములు చెప్పాడు, భాస్కరరావు రాశాడు. మూడు పేర్లు. మూడో పేరు కింద ఇంకా చోటు మిగిలింది. కలం కాసేపు ఆ చోటు మీద నిలబడింది. స్టేషను ఆయన చెయ్యి చాచాడు. భాస్కరరావు కాగితం ఇచ్చేశాడు.

బయటికి రాగానే పెద్దిరాజు లేచి నిలబడ్డాడు. "ఆగారా అండీ, మూడో వరస కాడ?" అని అడిగాడు.

"ఆగాను," అన్నాడు భాస్కరరావు.

"ఆగారా," అని పెద్దిరాజు ఒక గంప నెత్తికెత్తుకున్నాడు.

*

రేడియోలో వాయించేది జులై రెండో వారంలో. శ్రీరాములు ఊళ్లో అందరికీ చెప్పాడు. కొట్టుకి వచ్చినవాళ్లందరూ భాస్కరరావుని పలకరించి పోతున్నారు. "గోనెసంచుల కచేరీ రేడియోకెక్కిందే!" అని మెచ్చుకుంటున్నారు. శుక్రవారం పెద్దిరాజు సాధనకి రాలేదు. శనివారం రాలేదు. ఈ కోతల రోజుల్లో తీరికేదీ అన్నాడు వెంకటేశ్వర్లు. భాస్కరరావుకి అన్నం సయించడం లేదు. గిటారు తీస్తే అయిదో మెట్టు పక్కన ఆ నల్ల మరక కనిపిస్తుంది. గోటితో గీకితే పోతుంది. గీకబుద్ధి కాలేదు.

ఆదివారం పొద్దున్నే గిటారు పెట్టె సైకిలుకి కట్టుకుని తోటకి వెళ్లాడు.

దుర్గ చెట్టు కింద గడ్డి పరిచి, కాయల్ని బోర్లించి సొన కారబెడుతోంది. అతన్ని చూసి లేవలేదు. ఊరికే కొంగు సర్దుకుంది.

"పెద్దిరాజు ఉన్నాడా?"

"ఉన్నాడండి, చెట్టు మీద. ఇంకెక్కడికి పోతాడు?" అంది. ఇంకో కాయ బోర్లిస్తూ మళ్లీ తనే అంది. "ఊరంతా చెప్పుకున్నానండి. ఇప్పుడు ఎవురన్నా అడుగుతారేమోనని నీళ్లకి కూడా పొద్దుగాలే పోయొస్తన్నాను."

దుర్గ గంప మూతికి కట్టే పురికొస అందుకుని, దానికి నల్లటి ముద్ద ఒకటి రాస్తోంది. అలా రాస్తే పురికొస తెగదు. అది కొండయ్య మైనం. పోల్చుకోవడానికి భాస్కరరావుకి ఎంతోసేపు పట్టలేదు.

"కొండయ్య దగ్గరికి తీసుకెళ్లలేదా?" అని అడిగాడు పైకి చూసి.

"లేదండి," అన్నాడు పెద్దిరాజు ఆకుల్లోంచి. "మైనం గీకేశాను. ఉట్టి మీద పెట్టాను దాన్ని. ఏం, పొద్దున్నే వచ్చారు?"

"కిందికి దిగు పెద్దిరాజూ. నీతో మాట్లాడాలి."

"చెప్పండి, వినపడతంది. షావుకారుగారి బండి తొమ్మిదింటికి వస్తది."

చెట్టు మీది మనిషితో కిందనుంచి తన తప్పు చెప్పుకోవలసి వచ్చింది భాస్కరరావుకి. పక్కనే దుర్గ వింటోంది. అయినా చెప్పాడు. "కాగితం మీద పేర్లు రాసింది నేనే. నీ పేరు రాయలేదు. చోటుంది, రాయలేదు. ఇంకోటి కూడా ఉంది. ఆరోజు ఆగిరిపల్లిలో బస్సాగినప్పుడు నేను..."

"తెలుసండి."

"ఏం తెలుసు?"

"మీరు కళ్లు మూసుకునే ఉన్నారు గానీ, మీ చెయ్యి పెట్టె మీద ఉంది. వేళ్లు ఆడతన్నాయి. మూడో వరస వాయించుకుంటన్నారు," అన్నాడు పెద్దిరాజు. "నిద్దరోయే మనిషి వేళ్లు పాట వాయించవు గదండీ."

తన వేళ్లు ఆడిన సంగతి భాస్కరరావుకే తెలియదు. సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

"మరి లేపలేదేం?"

"మేలుకున్నోణ్ణి ఎట్టా లేపుతామండి?"

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే బాగుండేది. తిడితే పడి, కొడితే పడి, తేలిగ్గా ఇంటికి పోవచ్చునని వచ్చాడు భాస్కరరావు.

"తెలిసి కూడా నాకెందుకు నేర్పావు, వరండాలో? అరగంటసేపు?"

"పాట లోపలికి పోవాల గదండీ," అన్నాడు పెద్దిరాజు. "నేనెట్టాగూ పోలేను. అదన్నా పోవాల గదా."

దుర్గ చేతిలో పురికొస ఆగిపోయింది. తల వంచుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టింది.

భాస్కరరావు పెట్టె విప్పి గిటారు బయటికి తీశాడు. "ఇది నువ్వు తీసుకో. ఇక నీదే. వద్దనకు."

"ఎందుకండీ, జులైలో మీరేం పెట్టి వాయిస్తారు?"

"నేను వాయించను. నువ్వు వాయించు. శ్రీరాములుగారితో నేను చెబుతాను. స్టేషనుకి ఉత్తరం రాస్తాను."

"చెప్పాల్సినప్పుడు ఒక్క మాట చాలు గదండీ," అన్నాడు పెద్దిరాజు. "ఇప్పుడు ఉత్తరాలెందుకు? లోపల పెట్టండి దాన్ని, ఎండొస్తంది." తర్వాత మామూలు గొంతుతో, "పక్కకి జరగండి, కాయ దించుతన్నా," అన్నాడు.

చిక్కం కర్ర ఆకుల్లోంచి కిందికి వచ్చింది. వలలో నాలుగు రసం కాయలున్నాయి. తొడిమలు అప్పుడే తెగి, సొన బొట్లు బొట్లుగా కారుతోంది. దుర్గ లేవబోయింది. ఆమె కంటే ముందు భాస్కరరావు గిటారుని పెట్టె మీద పెట్టి, రెండు చేతులూ చాచి చిక్కం అందుకోబోయాడు. ఏదో ఒకటి చెయ్యాలి. ఆ మనిషి చేతినుంచి ఏదో ఒకటి అందుకోవాలి. అంతకంటే అతనికి ఏమీ తోచలేదు.

"అయ్యో, ముట్టుకోకండి!" అని పైనుంచి కేక పెట్టాడు పెద్దిరాజు. చిక్కాన్ని చటుక్కున పైకి లాగేశాడు. "సొనండీ! వేళ్లు పొక్కితే నెల్లాళ్లు తీగ పట్టలేరు. చేతులు ఎనక్కి పెట్టుకోండి, దుర్గ దించుకుంటది."

భాస్కరరావు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. దుర్గ వచ్చి కాయలు దించుకుంది. ఆమె వేళ్ల నిండా సొన కాల్చిన నల్లటి మచ్చలున్నాయి. చిక్కం మళ్లీ ఆకుల్లోకి వెళ్లింది, కాయలతో మళ్లీ దిగింది. అలా ఎన్నిసార్లు దిగిందో అతను లెక్కపెట్టలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, ఏడుపు ఆపుకోవడం చేతకాక, తొమ్మిదింటికి శ్రీరాములుగారి బండి వచ్చేదాకా ఆ చెట్టు కిందే నిలబడ్డాడు.